గిరీశం కథానాయకుడేనా?

తన ముత్తాత పేరేమిటో చెప్పలేని తెలుగువాడు కూడా గిరీశం ఎవరో చెప్పగలడు. పుస్తకం చదివినవాళ్ళకు చదువు వల్ల తెలుసు, నాటకం చూసినవాళ్ళకు చూపు వల్ల తెలుసు, ఈ రెండూ లేనివాళ్ళకు ఇంట్లో పెద్దవాళ్ళ తిట్ల వల్ల తెలుసు. అప్పు చేసి సోకు చేసే మేనల్లుడు, పరీక్ష తప్పి ఉపన్యాసాలిచ్చే బావమరది, ఉద్యోగం లేకపోయినా ఇస్త్రీ చెదరని తమ్ముడు, అందరికీ ఒకటే బిరుదు: "వీడొక గిరీశం!" ఆ బిరుదు ఇచ్చేటప్పుడు పెద్దల మొహంలో కోపం ఉంటుంది, కోపం వెనక చిన్న నవ్వు కూడా ఉంటుంది. ఆ నవ్వే అసలు చిక్కు. కోపమొక్కటే అయితే గిరీశం దుర్మార్గుల జాబితాలో ఏనాడో చేరిపోయేవాడు. నవ్వు తోడవడం వల్ల, "ఇంతకీ ఇతడు కథానాయకుడేనా?" అనే ప్రశ్న ఇప్పటికీ తెగలేదు.

గురజాడ అప్పారావుగారు (1862-1915) రాసిన 'కన్యాశుల్కం' మొదట 1892 లో విజయనగరంలో ప్రదర్శితమయింది. 1897 లో అచ్చయింది. అంతటితో ఊరుకోక, ఆయన దాన్ని బాగా పెంచి, తిరగరాసి 1909 లో మళ్ళీ అచ్చువేశారు. ఇప్పుడు మనం చదివేది ఆ రెండో కూర్పే. 1955 లో సినిమాగా తీసినప్పుడు గిరీశం వేషం నందమూరి తారకరామారావుగారిది, మధురవాణి వేషం సావిత్రిగారిది. అంటే సినిమావాళ్ళ లెక్కలో గిరీశం కథానాయకుడే అన్నమాట! రంగస్థలం మీద కూడా అంతే. మంచి నటుడెవరైనా ముందు కోరుకునేది ఆ చుట్ట, ఆ ఇంగ్లీషు, ఆ దర్జా.

మా కాలేజీలో నేను ఈ నాటకం పాఠం చెప్పినప్పుడల్లా క్లాసు రెండు పక్షాలుగా చీలిపోతుంది. మొదటి పక్షానికి గిరీశం తిరుగుబాటుదారు. వాళ్ళ వాదం తేలికగా కొట్టిపారేసేది కాదు. శిరోముండనం, మడి, మౌనం తప్ప వితంతువుకు మరో దారి లేదన్న రోజుల్లో, వితంతువు మళ్ళీ పెళ్ళాడవచ్చునని అగ్రహారం నడిబొడ్డున నిలబడి చెప్పినవాడు గిరీశం. వీరేశలింగంగారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. దేశంలో చట్టం అంతకు ముందే, 1856 లోనే వచ్చింది. చట్టం వచ్చి పాతికేళ్ళయినా ఒక్క పెళ్ళి చెయ్యడానికి అంత మహానుభావుడు కావలసి వచ్చిందంటే ఆనాటి కట్టుబాటు ఎంత బిగువో ఆలోచించండి. అలాంటి కట్టుబాటును గిరీశం చుట్టపొగలాగా ఊదేశాడు. పెద్దలంటే భయం లేదు, ఆచారమంటే లెక్కలేదు. కుర్రకారుకు ఇంతకంటే ఏం కావాలి?

లాక్షణికులు ఏమంటారు?

మన అలంకార శాస్త్రం నాయకులను నాలుగు తరగతులు చేసింది. ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు. గిరీశాన్ని ఈ నాలుగు గదుల్లో ఎందులో పెట్టినా, పక్కగది వాళ్ళు వచ్చి ఫిర్యాదు చేస్తారు! మొదటి చిక్కు 'ధీర' అన్న మాటే. పూటకూళ్ళమ్మ చీపురుకట్ట పట్టుకొని వస్తే మంచం కింద దూరిన మనిషిలో ధైర్యాన్ని ఎక్కడ వెతకడం? అయితే అదే శాస్త్రం శృంగార విషయంలో నాయకులకు మరో నాలుగు పేర్లు పెట్టింది: అనుకూలుడు, దక్షిణుడు, శఠుడు, ధృష్టుడు. ఇందులో శఠుడంటే ఎదుట తీయగా మాట్లాడి చాటున మోసం చేసేవాడు. ఇది మాత్రం మన గిరీశానికి కొలత తీసి కుట్టిన కోటులాగా సరిపోతుంది.

శాస్త్రం మరొక గట్టి మాట కూడా చెప్పింది. కథకు ఒక ఫలం ఉంటుంది, ఆ ఫలానికి ఎవరు యజమానో వాడే కథకు అధికారి, అనగా నాయకుడు. 'కన్యాశుల్కం' కథకు ఫలం ఏమిటి? పసిపిల్ల సుబ్బి, ముసలి లుబ్ధావధాన్లుకు అమ్ముడుపోకుండా బయటపడడం. ఆ ఫలానికి గిరీశం యజమాని కాడు. ఆ పెళ్ళి తప్పించే ఎత్తు వేసింది పిల్ల మేనమామ కరటకశాస్త్రి. శిష్యుడికి ఆడవేషం వేసి, సుబ్బికి బదులు అతణ్ణి లుబ్ధావధాన్లుకు అంటగట్టడం ఆయన ఆలోచన. ఆ ఆలోచన నెగ్గేలా చూసింది మధురవాణి. గిరీశం ఈ పని జరుగుతున్నంతసేపూ వేరే పనిలో ఉన్నాడు.

కాని శాస్త్రాన్ని అడ్డుపెట్టి పాత్రను పరీక్ష తప్పించడం నాకిష్టం లేదు. అప్పారావుగారు శాస్త్రం చూసుకొని పాత్రలను పోతపోసినవారు కారు. మనం వేరే తూకంరాయి వెతుక్కోవాలి.

ఒక విద్యార్థిని ప్రశ్న

ఆ రాయిని నాకు అందించింది మా క్లాసులోని ఒక అమ్మాయి. మగపిల్లలు గిరీశం ధైర్యాన్ని వర్ణించి వర్ణించి అలిసిపోయాక, వెనక బెంచీ నుంచి లేచి నెమ్మదిగా అడిగింది. "అంతా బాగానే ఉందండీ మాష్టారూ, ఇంత తిరుగుబాటు చేసినందుకు గిరీశానికి ఏమయిందండీ ఖర్చు?"

క్లాసు గొల్లున నవ్వింది. నవ్వు ఆగిన తర్వాత ఎవ్వరూ జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదు గనక.

నాటకం పేరే శుల్కం. ఎవరికి ఎంత వెల, ఆ వెల ఎవరు పుచ్చుకున్నారు, ఎవరు చెల్లించారు అన్నదే మొదటి రంగం నుంచి చివరి రంగం దాకా లెక్క. ఆ లెక్క కల్పన కూడా కాదు. మొదటి కూర్పుకు రాసిన ఇంగ్లీషు పీఠికలో అప్పారావుగారు ఒక పట్టిక సంగతి చెప్పారు. విజయనగరం మహారాజు ఆనందగజపతి, విశాఖపట్టణం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. లెక్కకు వచ్చినవి 1034. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44 మంది, మూడేళ్ళవాళ్ళు 36 మంది, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు! ఆ ఏడాది పసికందుల వెల ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెలు ఎదురుగా పెట్టుకొని రాసిన నాటకంలో, "ఖర్చు ఎవరికయింది?" అని అడగడం కంటే న్యాయమైన ప్రశ్న లేదు.

సరే, గిరీశం పద్దులు తీద్దాం. విజయనగరంలో అతని తిండి ఖర్చు పూటకూళ్ళమ్మది. ఆవిడ వితంతువు. సరుకులకోసం ఆవిడ ఇచ్చిన డబ్బు మధురవాణి ఇంట ఖర్చయింది. అప్పులవాళ్ళు చుట్టుముట్టగా ఊరు విడిచేందుకు సాకు వెంకటేశం చదువు. పిల్లవాడు పరీక్ష తప్పాడు, చుట్ట కాల్చడంలో మాత్రం నెగ్గాడు. అగ్రహారంలో నివాసం, భోజనం అగ్నిహోత్రావధాన్లువి. ఇక వితంతు వివాహ మహోద్యమానికి అయిన ఖర్చో? అది పూర్తిగా బుచ్చమ్మది.

బుచ్చమ్మ పెట్టుబడి

బుచ్చమ్మను గురించి మనం తక్కువ మాట్లాడతాం. ఆమె ఎక్కువ మాట్లాడదు గనక కాబోలు. తండ్రి ఆమెను ఒక ముసలివాడికి అమ్మాడు, అతను పోయాడు. పుట్టింటి వంటింట్లో ఆమె జీవితం తెల్లారకముందే మొదలై దీపాలు పెట్టాక ముగుస్తుంది. అలాంటి పిల్ల దగ్గర గిరీశం కూర్చొని శాస్త్రాలు తిరగేశాడు, లోకం సంగతులు చెప్పాడు. వితంతువు కష్టాల మీద ఇంగ్లీషులో పద్యం కూడా చదివే మనిషి! అదే మనిషి శిష్యుడితో ఏకాంతంగా ఏమన్నాడో గుర్తున్నదా? పసిపిల్లల పెళ్ళిళ్ళు ఆగిపోతే పెళ్ళాడడానికి పడుచు వితంతువులు ఎక్కడ దొరుకుతారన్నది అతని వాదన సారాంశం. నవ్వొస్తుంది. నవ్విన తర్వాత ఆ 1034 పెళ్ళిళ్ళు గుర్తొస్తే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

బుచ్చమ్మ చివరికి రాత్రివేళ అతని వెంట బండి ఎక్కింది. ఆ పిల్ల మనసులో సుఖం మీద ఆశ ఒక్కటే లేదు. తాను వెళ్ళిపోతే చెల్లెలి పెళ్ళి ఆగుతుందేమోనన్న ఆశ కూడా ఉంది. ఆ రాత్రి ఎవరెవరు ఏమేమి పణంగా పెట్టారో చూడండి. ఆమె పెట్టింది పుట్టిల్లు, తల్లి, పరువు, మళ్ళీ గడప తొక్కే హక్కు. అతను పెట్టింది ఒక చేతిసంచీ. కథ బెడిస్తే అతను మరో ఊరు, మరో పూటకూళ్ళమ్మ ఇల్లు వెతుక్కోగలడు. ఆమె ఎక్కడికి పోగలదు? తిరుగుబాటు అనే మాట ఇద్దరిలో ఎవరికి చెందాలో ఇంతకంటే వివరంగా చెప్పాలా?

లోకసాహిత్యంలో ఎదురుతిరిగిన పాత్రలను మనం ప్రేమించడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. మిల్టను మహాకవి 1667 లో వెలువరించిన కావ్యంలో దేవుడికి ఎదురుతిరిగిన సైతానే అసలు నాయకుడని ఇంగ్లీషు రసికులు కొందరు వాదించారు. మన రావణుడికి, దుర్యోధనుడికి నాటకశాలల్లో ఈలలు పడ్డాయి. వాళ్ళు చేసింది మంచి అని ఎవరూ అనలేదు. తమ పొగరుకు తామే మూల్యం చెల్లించారు, చివరి క్షణంలో కూడా బిల్లు పక్కవాడి చేతిలో పెట్టలేదు, అందుకని ఆ గౌరవం. చలంగారి 'మైదానం' (1927) లో భర్త ఇల్లు విడిచిన రాజేశ్వరిని తిట్టినవాళ్ళు ఎందరో. ఆమె నడిచిన దారి మనకు నచ్చకపోవచ్చును. కాని ఆ దారిలో ముళ్ళు గుచ్చుకున్నది ఆమె కాళ్ళకే. గిరీశం కాళ్ళకు ఏనాడూ ముల్లు గుచ్చుకోలేదు. గుచ్చుకునే చోట ఇతరుల కాళ్ళు పెట్టించడం అతని విద్య.

వెల తీసుకోని మనిషి

ఇప్పుడు మధురవాణి దగ్గరకు వద్దాం. నాటకంలో వెల కట్టి అమ్మేదని లోకం ముద్రవేసిన స్త్రీ ఈమె ఒక్కతే. చిత్రమేమంటే, పెద్దమనుషులు పిల్లలను అమ్ముతూ ఉంటే, వెల పుచ్చుకోకుండా ఒక పిల్లను కాపాడింది కూడా ఈమే. సుబ్బి ఆమెకు చుట్టమా, పక్కమా? తాను ఎవరి పంచన ఉన్నదో ఆ రామప్పంతులు కళ్ళముందే అతని తెలివికి గంతలు కట్టి, కరటకశాస్త్రి ఎత్తు పారేలా చేసింది. సంగతి బయటపడితే నష్టం తనకే అని తెలిసి చేసింది.

మాయ పెళ్ళికూతురు మాయమయింది. లుబ్ధావధాన్లు ఆ పిల్లను చంపాడని నేరం మోపారు. ముసలివాడు లోభి, మూర్ఖుడు, కాని హంతకుడు కాడు. మధురవాణి నోరు మూసుకొని ఊరుకుంటే ఆమెను అడిగేవాడు లేడు. ఆమె మాత్రం మగవేషం వేసుకొని విశాఖపట్టణంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్ళింది. ఆయన వేశ్యల మొహం చూడనని వ్రతం పట్టిన సంస్కర్త, మంచివాడు. అక్కడ నిజం చెప్పి ముసలివాణ్ణి గండం నుంచి తప్పించింది. సంస్కర్త వేషంలో పంతులుగారి పంచన చేరిన గిరీశం గుట్టు కూడా విప్పింది. తన సాయానికి బదులుగా ఒక ముద్దు కోరింది. పంతులుగారు సిద్ధపడేసరికి తానే వెనక్కు తగ్గింది. చెడనివాణ్ణి చెడపకూడదన్నది ఆమెకు తల్లి చెప్పిన నీతి.

ఈ ఘట్టం మహా విచిత్రమైనది. వంశాచారంగా వచ్చిన వృత్తి తన నడతను నిర్ణయించకూడదని ఆమె ఎదురుతిరిగింది. వేశ్యను చూడనన్న వ్రతంలో కూడా గర్వం ఉందని అంత మంచివాడికీ తెలియజెప్పింది. ఉపన్యాసం ఇవ్వలేదు, పద్యం చదవలేదు. రావలసిన వెల కూడా వదులుకొని వెళ్ళిపోయింది. 1897 కూర్పులో మధురవాణికి ఇంత చోటు లేదు. 1909 నాటికి అప్పారావుగారు ఆమె పాత్రను పెంచి, నాటకం ముడి విప్పే పని ఆమె చేతికి ఇచ్చారు. రచయిత పన్నెండేళ్ళు ఆలోచించి నాయకత్వాన్ని ఎటు జరిపాడో ఇది చెప్పడం లేదా?

మరి గిరీశం ఎందుకు?

అయితే గిరీశం ఉత్త దుర్మార్గుడేనా అంటే, అలా అని చేతులు దులుపుకోవడం కూడా న్యాయం కాదు. అతనివల్ల ఒక మేలు జరిగింది. బుచ్చమ్మకు ఆమె బతుకు మారవచ్చునని చెప్పినవాడు ఆ ఇంట్లో మరొకడు లేడు. కన్నతండ్రి చెప్పలేదు. ప్రేమగల తల్లి చెప్పలేకపోయింది. సుబ్బి సంబంధం మాట విని నూతిలో దూకిన తల్లికి దూకడం తప్ప మరో మార్గం కనిపించలేదు. గిరీశం నోట వచ్చిన మాటలు అబద్ధపు ఉద్దేశంతో వచ్చినవే, కాని మాటలు నిజమైనవి. చివరికి సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపి చదువు చెప్పించే ఏర్పాటు చేశాడు. గిరీశాన్ని కూడా ముందు బుద్ధిగా చదువుకొమ్మన్నాడు. పూనాలో అలాంటి సంస్థలు ఆ రోజుల్లో నిజంగానే ఉండేవి. పండిత రమాబాయి శారదాసదనం 1890 లో అక్కడికి చేరింది. కార్వేగారి ఆశ్రమం 1896 లో వెలిసింది. కనుక బుచ్చమ్మ ఎక్కిన బండి ఆమెను మంచి చోటికే చేర్చింది. బండి తోలించినవాడు అనుకున్న చోటికి మాత్రం చేర్చలేదు.

దొంగ చేతిలోని దీపం కూడా దారి చూపిస్తుంది. అంతమాత్రాన దొంగకు దండ వెయ్యం, దీపం ఆర్పెయ్యం. గిరీశం విషయంలో మనం చెయ్యవలసింది ఇదేనని నాకు తోస్తుంది. అతని మాటలు విని అతన్ని నమ్మడం ఒక పొరపాటు. అతన్ని చూసి ఆ మాటలనే కొట్టెయ్యడం అంతకంటే పెద్ద పొరపాటు. సంస్కరణ అంటే గిట్టనివాళ్ళు ఈ రెండో పొరపాటును ఆనాటినుంచీ ఎంతో ఇష్టంగా చేస్తూనే ఉన్నారు.

కన్యాశుల్కం పోయింది. పెళ్ళి వయసుకు 1929 లో శారదా చట్టం వచ్చింది, తరవాత ఇంకా గట్టి చట్టాలు వచ్చాయి. శుల్కం మాత్రం దిక్కు మార్చుకొని వరుడి వైపు తిరిగింది. దాన్ని నిషేధిస్తూ 1961 లో చట్టం చేసినా మన ఇళ్ళల్లో దాని మర్యాద తగ్గలేదు. కాలేజీ వక్తృత్వపు పోటీలో కట్నం మీద మాట్లాడి బహుమతి పుచ్చుకున్న కుర్రవాళ్ళను నేను చాలామందిని ఎరుగుదును. వాళ్ళలో కొందరి పెళ్ళి భోజనాలు కూడా తిన్నాను. "నాకేం పట్టింపు లేదండీ, అమ్మ ముచ్చట" అంటారు. ఉపన్యాసం కొడుకుది, ముచ్చట తల్లిది, అప్పు పిల్ల తండ్రిది! గిరీశం పద్దుల పుస్తకం ఇంకా మూయలేదు మరి.

అందుచేత, ఇళ్ళల్లో పిల్లలు ఎదురుతిరిగినప్పుడు పెద్దలు కంగారుపడవలసిన పనిలేదు. "వీడొక గిరీశం" అని వెంటనే ముద్ర వెయ్యవలసిన పనీ లేదు. ఎదురుతిరగని తరం ఉంటే ఈనాటికీ ఏడాది పిల్లలకు వెలకట్టుకుంటూ ఉండేవాళ్ళం. మా విద్యార్థిని అడిగిన ప్రశ్న ఒక్కటి అడిగితే చాలు: "నాయనా, నీ తిరుగుబాటుకు ఖర్చు ఎవరిది?" తనదే అని ధైర్యంగా చెప్పగలిగితే, ఆ కుర్రవాడు, ఆ అమ్మాయి మన మాట వినకపోయినా సరే, కథానాయకులే. ఇతరుల ఖాతాలో రాయమంటే మాత్రం గిరీశమే. అతన్ని చూసి హాయిగా నవ్వుకుందాం, అతని మాటల్లో నిజం ఉంటే ఏరుకుందాం. చేతికి తాళం చెవులు మాత్రం ఇవ్వవద్దు.